హిందీ వదిన సంతకం

రిసాలి,
20 ఆగస్టు 1996, మంగళవారం.

చిరంజీవి అమ్ముకి,

మీ అమ్మ దీవెనలతో రాస్తున్న సంగతులు. ఇక్కడ నేను, నాన్న, తమ్ముడు కులాసా. నువ్వూ కులాసాగానే ఉన్నావని అనుకుంటున్నాను. లేకపోయినా ఉన్నాననే రాస్తావులే, ఆ గుణం నాదే.

హిందీలో రాస్తే గబగబా చదివేద్దువు, నీ తెలుగు చదువు సంగతి నాకు తెలీనిదా. కానీ మీ రూములో నలుగురూ ఒకరి ఉత్తరాలు ఒకరు చదువుతారని నువ్వే రాశావు. అందుకని తెలుగు. కూడబలుక్కుని నెమ్మదిగా చదువు. సోమవారం లోపల పూర్తిచేస్తే చాలు.

ముందు నువ్వడిగిన వాటికి జవాబులు. కూలర్ తీసేశాం. వంటింట్లో ఈ వానాకాలం కూడా కారుతోంది, పొయ్యి పక్కన గిన్నె పెట్టుకుని వండుతున్నాను. నీ రాఖీ అందింది. మనోజ్ అప్పుడే కట్టేసుకుంటానని గోల పెడితే బీరువాలో దాచాను. వాడు లెక్కల్లో తప్పి మళ్ళీ కట్టాడు కదా, పుస్తకం పట్టుకున్న పాపాన పోలేదు. పొద్దస్తమానం సైకిలేసుకుని సివిక్ సెంటర్ చుట్టూ తిరగడమే. కందిపొడి కొట్టాను, మనోజ్ చేత వేరే పార్సిల్ పంపిస్తాను. నాన్నకి ఈ వారం ఫస్ట్ షిఫ్టు. రెండున్నరకి ప్లాంటు నుంచి వచ్చేస్తారు. ఆయన వచ్చేలోగా ఈ ఉత్తరం నా చేత్తో నేనే డబ్బాలో వెయ్యాలి.

ఇంక నీ పెద్ద ప్రశ్న. మీ నర్సింగు కాలేజీ ఆస్పత్రిలో ఆయా పని చేసే కనకలత గురించి రాశావు. బొబ్బిలి వైపు పిల్ల, పందొమ్మిదేళ్ళు, తెలుగు తప్ప ఇంకో ముక్క రాదు. వార్డు డాక్టరు తనకి చేసింది పైకి చెప్పింది. సోమవారం విచారణ, ఆ పిల్ల మాట హిందీలో చెప్పడానికి నిన్ను రమ్మన్నారు. మేట్రన్ గదిలోకి పిలిచి, "ఫైనల్ ఇయర్ కదా, చూసి చెప్పు, అన్నీ చెప్పక్కర్లేదు" అందని కూడా రాశావు. వెళ్ళాలా వద్దా, వెళ్తే ఎలా చెప్పాలి అని అడిగావు. దానికి మీ నాన్న అప్పుడే జవాబు రాసేశారు, జ్వరమని చెప్పి తప్పుకో, మనకెందుకు అని. పోస్టు చేసే ముందు నాకు చదివి వినిపించారు. నేను ఊఁ అన్నాను. ఇలాంటప్పుడు ఊఁ అనడం నాకు బాగా అలవాటైన పని.

నీ ఉత్తరం చివర ఒక మాట రాశావు. "నువ్వు ఎంతమందికి ఇలా చెప్పిపెట్టావో కదమ్మా, నీకు తెలిసినంత ఇంకెవరికి తెలుస్తుంది" అని. వారం రోజులుగా ఆ మాట నన్ను పీక్కు తింటోంది. నిజమే తల్లీ, నాకు తెలిసినంత ఎవరికీ తెలీదు. అందుకే కూర్చున్నాను.

మనవైపు నుంచి మొగుళ్ళ వెంట వచ్చిన ఆడవాళ్ళకి ఇక్కడ నోరు ఉండదు, నీకు తెలుసు. ఊళ్ళో పది మందిని ఆడించిన మనిషి కూడా ఇక్కడ రేషన్ షాపు ముందు బొమ్మలా నిలబడుతుంది. నేను మూడేళ్ళప్పుడు మా నాన్న చంకనెక్కి భిలాయి వచ్చాను. ఎనిమిది దాకా హిందీలోనే చదివాను. అందుకని ఏ పనికైనా నన్నే పిలిచేవారు. బళ్ళో పిల్లల్ని వెయ్యాలన్నా, కరెంటాఫీసులో దెబ్బలాడాలన్నా హిందీ వదిన రావాలి. డాక్టరు ముందు సిగ్గుపడి నా చెవిలో చెప్పిన రోగాలన్నీ నేనే పైకి చెప్పేదాన్ని. అబద్ధమెందుకు, నాకు గర్వంగా ఉండేది. ఈ వీధుల్లో సగం మంది ఆడవాళ్ళ గుట్టు నా నోట్లో ఉందని విర్రవీగేదాన్ని.

సింహాచలమ్మ నీకు గుర్తుండే ఉంటుంది. టెక్కలి దగ్గర మనిషి, పొడుగ్గా, ముక్కుకి రెండు వైపులా పుడకలు. మరోదా వైపు బస్తీలో ఉండేది. వచ్చిన రెండేళ్ళకే మొగుడు కామెర్లతో పోయాడు. చిన్న కూతురు, మణిమాల. జాముల్ దారిలో కొలిమి ఇటికలు చేసే ఫ్యాక్టరీలో ఇటికలు మోసే పనికి కుదిరింది. కుదిర్చింది పరబ్రహ్మం. అక్కడ సూపర్‌వైజరు, ఇక్కడ మన తెలుగువాళ్ళందరికీ పెద్దదిక్కు. శ్రీరామనవమి పందిరికి రాట పాతాలంటే ఆయన చెయ్యి పడాలి. "మన ఆడకూతుళ్ళు" అంటూ నోరారా పిలిచి పనిలో పెట్టేవాడు.

తొంభైమూడు జూన్‌లో ఒకరోజు సింహాచలం గోదాములోంచి అరుచుకుంటూ బయటకొచ్చి, జుట్టు ముడైనా వేసుకోకుండా తిన్నగా మేనేజరు గదిలోకి వెళ్ళిపోయింది. తెలుగులో ఏడుస్తోంటే ఆయనకి ఒక్క ముక్క అర్థం కాలేదు. నాలుగు రోజుల తర్వాత విచారణ పెట్టారు. నన్ను పిలిచారు.

ఆ రోజు తలంటుకుని, ఉన్నవాటిలో మంచి చీర కట్టుకుని వచ్చింది. గుమ్మం బయట నా చెయ్యి పట్టుకుని, "ఒదినా, నాను సిగ్గిడిసి సెప్తాను. నువ్వు ఒక్క ముక్క ఇడిసిపెట్టీకు" అంది. లోపల ఆరుగురు మగవాళ్ళు. ఆరో మనిషి పరబ్రహ్మం, కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడు. సింహాచలం పావుగంట సేపు చెప్పింది. ఏడవలేదు. గోడకేసి చూస్తూ, గోదాములో చెయ్యి పట్టుకున్నాడని, తలుపు గడియ వేశాడని, మొదలు నుంచి చివర దాకా చెప్పింది. చెప్పి నా వైపు తిరిగింది.

నేను హిందీలో అన్నాను: "పని దగ్గర సూపర్‌వైజరు గారు గట్టిగా కసిరారట సాబ్. మొగుడు పోయిన మనిషి, మనసు కష్టపడి ఏదో అరిచింది."

మేనేజరు కళ్ళజోడు తీసి, "ఇంతసేపు మాట్లాడింది, ఇంతేనా?" అన్నాడు.

"మావైపు ఆడవాళ్ళు చిన్న మాటని చాటంత చేసి చెప్తారు సాబ్" అని నవ్వాను. వాళ్ళందరూ నవ్వారు. సింహాచలం బెదురుగా చూసి, "ఏటి ఒదినా, ఎందుకు నవ్వుతున్నారు?" అంది.

"నీ ధైర్యానికి మెచ్చుకుంటున్నారు" అన్నాను.

అమ్మూ, ఆ మాట ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. విన్నది ఆవిడ ఒక్కర్తే, ఆవిడకి అది నిజం.

"సరే, క్షమాపణ చెప్పుకోమను, ముగించేద్దాం" అన్నాడు మేనేజరు. నేను సింహాచలంతో, "సాబ్ నీ మాట నమ్మారు, దండం పెట్టు" అన్నాను. అప్పుడు ఏడిచింది. మేనేజరుకి పెట్టింది. పక్కన గుమస్తాకి పెట్టింది. అలా వరసలో అందరికీ పెట్టుకుంటూ వచ్చి పరబ్రహ్మం దగ్గర ఆగిపోయింది. నా కేసి చూసింది. పెట్టమని నేను కళ్ళతో సైగ చేశాను. పెట్టింది.

హిందీలో టైపు చేసిన కాగితం తెచ్చారు. ఆవేశంలో అబద్ధం చెప్పాను, క్షమించండి అని అందులో ఉంది. సింహాచలం తెలుగులో పేరు రాసింది. కింద నా సంతకానికి చోటు. "ఈమె చెప్పినదంతా ఉన్నదున్నట్టు చెప్పాను" అని ఉంది దాని మీద. కనకరత్నం అని అందంగా రాశాను. చేతిరాత బాగుందని గుమస్తా మెచ్చుకున్నాడు.

వారం తిరగకుండా ఆవిణ్ణి పనిలోంచి తీసేశారు. మనింటికి వచ్చింది, చేతిలో ఎండు మెత్తళ్ళ పొట్లం. వాళ్ళ ఊరి నుంచి ఎవరో తెచ్చారట. "పని పోతే పోనాది. నా మాట నువ్వు సెప్పినావు, అది సాలు ఒదినా. ఇంకెవులున్నారు నాకు" అంది. ఆ మెత్తళ్ళు వేపాను. నాన్న బాగున్నాయని రెండుసార్లు వేయించుకుని తిన్నారు. నువ్వూ తిన్నావు. నేనూ తిన్నాను, గొంతు దిగకపోవడం లాంటివేమీ జరగలేదు.

తర్వాత ఏడాది నవమి పందిట్లో జరిగింది కూడా చెప్పేస్తాను. అందరి ముందూ దండం పెట్టి తప్పొప్పుకుందని పరబ్రహ్మం అప్పటికే ఊరంతా చాటాడు. పానకానికి సింహాచలం కూతురితో వరసలో నిలబడింది. రామచంద్రరావు గారి భార్య గ్లాసు చేతికివ్వకుండా నేల మీద పెట్టింది. మణిమాల వంగి తీసుకోబోతే తల్లి దాని రెక్క పట్టుకుని లాక్కుపోయింది. బిందెలో గరిటె పెట్టి పానకం తోడుతున్నది నేనే. ఆ పిల్ల వెళ్ళాక గరిటె ముంచి తరువాతి గ్లాసు నింపాను.

అయినా ఆవిడ నన్ను వదల్లేదు. పిల్లకి జ్వరమొస్తే ఆస్పత్రికి నన్నే తోడు రమ్మనేది, ఇంకెవరి మాటా నమ్మకం లేదట. అక్కడ మాత్రం అక్షరం పొల్లుపోకుండా చెప్పేదాన్ని. అలా చెప్తే పాతది మాసిపోతుందనుకున్నానేమో. తర్వాత మరోదా బజార్లో కూరగాయలు పెట్టుకుంది. చుట్టూ ఛత్తీస్‌గఢీ ఆడవాళ్ళు. రాను రాను నన్ను పిలవడం మానేసింది. నాకు హాయిగా అనిపించింది.

పోయిన నెల మధ్యాహ్నం పూట వచ్చింది. పనిలోంచి తీసేసినప్పుడు చేతికిచ్చిన ఆ విచారణ కాగితం నకలు ప్లాస్టిక్ కవర్లో మడతపెట్టి తెచ్చింది. "ఒదినా, ఇందులో ఏటి రాసుందో సదివి సెప్పు. ఇన్నాళ్ళూ ఇననేదు" అంది. నా చేతిలో పెట్టి నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చుంది. ఇంట్లో ఎవరూ లేరు. ఏ మేనేజరూ లేడు, ఏ సూపర్‌వైజరూ లేడు. నిజం చదివినా అడిగేవాడు లేడు. నేను వేలితో వరసలు చూపిస్తూ, నువ్వు ఫిర్యాదు చేశావని, వాళ్ళు విన్నారని, ఆధారం లేక వదిలేశారని, లేనివన్నీ చదివాను. ఆవిడ చివరి దాకా వింది.

తర్వాత కాగితం నా చేతిలోంచి తీసుకుని, తనే వేలు పెట్టి హిందీలో చదివింది. చిన్నపిల్లలా ఒక్కొక్క అక్షరం, ఒక్క తప్పు లేకుండా. కూతురి పుస్తకాలు ముందేసుకుని నేర్చుకుందట. "అబద్ధం చెప్పాను, క్షమించండి" దగ్గర గొంతు మారలేదు. చివర్న నా పేరు కూడా చదివింది. కాగితం మళ్ళీ కవర్లో పెట్టుకుని హిందీలోనే అడిగింది: "ఆ రోజు భయపడ్డావనుకున్నాను దీదీ. ఇవాళ ఎవరికి భయపడ్డావు?"

వదినా అనలేదు. బజార్లో బేరానికొచ్చిన మనిషిని అన్నట్టు దీదీ అంది. చెప్పులు వేసుకుని వెళ్ళిపోయింది.

ఇప్పుడు నీకు చెప్పకుండా దాచింది. ఎందుకు చేశావమ్మా అంటావు కదా. ఆ విచారణకి ముందురోజు సాయంత్రం పరబ్రహ్మం మనింటికి వచ్చాడు. నువ్వే టీ తెచ్చి ఇచ్చావు. సింహాచలం ఊసే ఎత్తలేదు. "అమ్ము ట్వెల్త్ పాసయిందట కదమ్మా, నర్సింగంటోందట. మా సేఠ్ గారి ట్రస్టుకి నాగపూర్‌లో కాలేజీ ఉంది. ఫ్యాక్టరీ తరఫున ఒక్క సీటు. ఎల్లుండి పేరు పంపాలి" అన్నాడు. గుమ్మం దాటుతూ, "రేపు మీరు వస్తున్నారట కదా, మంచిది. మనవాళ్ళ పరువు మనమే చూసుకోవాలి" అన్నాడు. అంతే. మీ నాన్న చెప్పమన్నారని రాస్తే నాకు సుఖంగా ఉంటుంది. ఆయన ఒక్క మాట అనలేదు, టీ కప్పు కేసి చూస్తూ కూర్చున్నారు. నిర్ణయించింది నేనే. నువ్వు తెల్లబట్టల్లో తీయించుకుని పంపిన మొదటి ఫోటో ఉంది చూడు, అది ఆవిడ పెట్టిన దండాలతో వచ్చింది.

నీ సీటు ఎలా వచ్చిందని నువ్వు చాలాసార్లు అడిగావు. మార్కులు చూసి ఇచ్చారన్నాను. నీ మార్కులు మంచివే. మార్కులు చూసి మాత్రం ఇవ్వలేదు.

సింహాచలం వచ్చి వెళ్ళాక ఒళ్ళు మండి నాలుగు రోజులు ఇంట్లో అందరి మీదా విరుచుకుపడ్డాను. తర్వాత నీ ఉత్తరం వచ్చింది. పోయిన శనివారం కూర్చుని, జరిగిందంతా హిందీలో నా పేరు పెట్టి రాసి, మరోదా బజారుకి పట్టుకెళ్ళాను. ఆవిడ బెండకాయలు తూస్తోంది. బేరాలు అయ్యేదాకా నన్ను నిలబెట్టింది. తర్వాత చెయ్యి తుడుచుకుని కాగితం తీసుకుని నెమ్మదిగా చదివింది. ఒకచోట వేలు ఆపింది.

"చెయ్యి పట్టుకున్నాడని రాసినావు. నాను చెయ్యి అన్నానా?"

నేను కాగితం వెనక్కి తీసుకోబోయాను.

"నాను ఏటి సెప్పినానో నీకు గేపకం నేదా?"

"ఉంది" అన్నాను.

"అయితే అదే రాయి" అంది. నా కోసం గోనెసంచి పక్కకి జరిపింది. ఆ బజార్లో, కొత్తిమీర కట్టల మధ్య కూర్చుని మొదటి నుంచి మళ్ళీ రాశాను. నేను రాస్తోంటే ఆవిడ పక్కన కూర్చుని టమాటాలు అమ్ముకుంది.

నీకూ పైన చెయ్యి అనే రాశాను అమ్మూ. చూసుకో, ఉంటుంది. అది కొట్టెయ్యి. మూడేళ్ళయినా నా కలానికి ఆ జారుడు పోలేదు. ఆవిడ చెప్పింది ఇది: గోదాము గడియ వేశాడు. నోట్లో గుడ్డ కుక్కాడు. రవిక చింపాడు, ఇటికల మీద పడేసి మీద పడ్డాడు. వీపు చెక్కుకుపోయింది. నోట్లో గుడ్డ తీశాక, మొగుడు పోయిందానివి, నీకిది పుణ్యమనుకో అన్నాడు. ఆ ఆఖరి మాట కూడా ఆరుగురు మగవాళ్ళ ముందు సిగ్గు విడిచి చెప్పింది. నేను దాన్ని కసరడం అన్నాను.

బజార్లో రాసిన ఆ కాగితం లేబర్ ఆఫీసుకి తనే తీసుకెళ్తుందట. నేనూ వస్తానన్నాను. "వద్దు. నా మాట నాను సెప్పుకుంటాను. నిన్ను పిలిస్తే అప్పుడొచ్చి నీది నువ్వు సెప్పు" అంది. మూడేళ్ళు దాటిన సంగతి, ఎవరూ పట్టించుకోకపోవచ్చు. పరబ్రహ్మానికి పోయిన ఉగాదికి శాలువా కప్పారు. ఇంక మనల్ని పందిట్లోకి రానివ్వరు, మీ నాన్నతో షిఫ్టులో మాట్లాడేవాళ్ళు ఉండరు. క్షమించావా అని నేను అడగలేదు. వచ్చేటప్పుడు కిలో బెండకాయలు తీసుకుంటానంటే, "నీకు అమ్మను" అంది.

ఇప్పుడు నీ ప్రశ్నకి జవాబు. వెళ్తే నీ సీటు పోవచ్చు. మీ ఆస్పత్రీ ఆ ట్రస్టుదే, ఫ్యాక్టరీ నుంచి వెళ్ళిన పేరని వాళ్ళ పుస్తకాల్లో ఉంటుంది. నాలుగు నెలల్లో చేతికొచ్చే సర్టిఫికెట్టు. పోతే పోనీ అని తేలిగ్గా రాయలేను, ఆ పని నీకు ఎంత ఇష్టమో తెలుసు. అంత ధైర్యం లేకపోతే ఇవాళే కనకలత దగ్గరికెళ్ళి, నాకు భయంగా ఉంది, వేరే మనిషిని చూసుకో అని మొహం మీద చెప్పెయ్యి. అది తప్పు కాదు. ఆ పిల్లకి ఇంకో మనిషి దొరుకుతుంది. ఒప్పుకుని లోపలికెళ్ళి మీ అమ్మ చేసింది మాత్రం చెయ్యకు.

వెళ్తే, ఆ పిల్ల ఆగితే నువ్వూ ఆగు. ఏడిస్తే ఏడుస్తోందని చెప్పు. బూతు మాట అంటే ఆ బూతే అను, నీ నోరు పాడవదు. నన్ను ఇలా చేశాడు అని ఆ పిల్ల అంటే, నువ్వు కూడా నన్ను ఇలా చేశాడు అనే చెప్పు. ఎవరైనా నవ్వితే ఎందుకు నవ్వారో ఆ పిల్లకి నిజం చెప్పు. అన్నిటికన్నా అది ముఖ్యం.

నా హిందీ కాగితం నకలు ఇందులో పెట్టాను. నీ సీటు ఎలా వచ్చిందో బయటపెడతామని వాళ్ళు నిన్ను బెదిరిస్తే, వాళ్ళకంటే ముందు నువ్వే ఇది బల్ల మీద పెట్టు. ఈ సాయంత్రం మీ నాన్నకి కూడా చెప్పేస్తాను. అన్నం మానేస్తారు, రెండు రోజులు మాట్లాడరు. నువ్వు నాతో మాట్లాడకపోతే మాత్రం ఎలా ఉంటుందో తెలీదు. అయినా మాట్లాడమని అడగను.

రెండు అవుతోంది. ఆ రోజు ఫ్యాక్టరీ కాగితం కింద పెట్టిన సంతకమే దీని కిందా పెడుతున్నాను. ఆమె చెప్పినదంతా ఉన్నదున్నట్టు చెప్పాను.

ఇట్లు,
మీ అమ్మ,
కనకరత్నం